నాలుగు రోజులన్నాను

నేను ఎదురుకాళ్ళతో పుట్టాను. పెడనలో మా అమ్మ మగ్గానికి కండెలు చుడుతూ ఉండగా నొప్పులు వచ్చాయట. మంత్రసాని వచ్చేసరికే నా పాదాలు రెండూ బయట ఉన్నాయట. తల రావడానికి ఇంకో గంట పట్టిందట. తల్లీబిడ్డా బతికి బయటపడడమే గొప్ప. కానీ అమ్మ ఈ సంగతి చెప్పేటప్పుడు గొంతులో భయం ఉండేది కాదు, కొడుక్కి ర్యాంకు వచ్చిందని చెప్పుకున్నట్టు చెప్పేది. అలా పుట్టినవాడి కాలు తగిలితే నడుం పట్టేసినా మెడ పట్టేసినా వదిలిపోతుందని మా వైపు నమ్మకం.

దానికో పద్ధతి ఉంది. పట్టు పట్టినవాళ్ళు పొద్దున్నే పరగడుపున వచ్చి బోర్లా పడుకోవాలి. నేను ఎడమ మడమతో పట్టిన చోట పైనుంచి కిందికి మూడుసార్లు రాయాలి. ఇద్దరం మాట్లాడకూడదు. మూడు రోజులు ఇలా చేస్తే చాలు. మామూలు పట్టు ఏదైనా మూడు నాలుగు రోజుల్లో దానంతటదే చాలావరకు సర్దుకుంటుందన్న సంగతి నాకు అప్పుడు తట్టలేదు. తట్టాలని కూడా అనుకోలేదు.

చదువు పెద్దగా అబ్బలేదు. విజయవాడ వచ్చి గవర్నర్‌పేటలో చీరల హోల్‌సేల్ షాపు పెట్టాను. షాపులో నాకంటే తెలివైనవాళ్ళే నా చుట్టూ ఉండేవాళ్ళు. కానీ ఈ ఒక్క విషయంలో మాత్రం నా దగ్గరికి జనం వచ్చేవాళ్ళు. బేళ్ళు మోసే కూలీలు వచ్చేవాళ్ళు. బందరు నుంచి సరుకు కొనడానికి వచ్చే ఒక పెద్దాయన నడుం పట్టుకుని మెట్లెక్కుతూ, "మా ఆవిడ ముప్పై ఏళ్ళనుంచి తంతూనే ఉందండీ, గుణం కనపట్లేదు. ఎంతైనా మీది పుట్టుకతో వచ్చిన కాలు" అనేవాడు. అందరూ నవ్వేవాళ్ళు. నేనూ నవ్వుతూ చెప్పులు విడిచేవాణ్ణి. ఆ నవ్వుల్లో నాకు అందే గౌరవం నాకు బాగా ఇష్టంగా ఉండేది.

ఆ కాలు నా కూతురి మెడ మీద పెట్టాను. అది చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

అప్పుడు పాపకి ఎనిమిదేళ్ళు. ఒక్కతే కూతురు. రెండేళ్ళుగా టాన్సిల్స్ వాచడం, జ్వరం, స్కూలు మానడం. వేసవి సెలవుల్లో తీయించేద్దామని గొంతు డాక్టరు గారు అన్నారు. మే నెలలో ఒక నర్సింగ్ హోమ్‌లో ఆపరేషన్ అయింది. మర్నాడే పటమటలో ఇంటికి తీసుకొచ్చాం. మాట్లాడితే నొప్పి కాబట్టి పలక మీద రాసి చూపించేది. "ఐస్‌క్రీమ్", "వెనిల్లా కాదు", "నాయనమ్మకి పెట్టొద్దు, షుగర్". మా అమ్మ ఆ పలక చూసి ముఖం ముడుచుకునేది. ఇల్లంతా నవ్వులుగా ఉండేది.

ఐదో రోజు పొద్దున పాప మంచం మీద లేచి కూర్చుని తల నిలబెట్టలేకపోయింది. తల కుడి భుజం వైపు ఒరిగింది, గడ్డం ఎడమ పక్కకి తిరిగింది. సరిచేయబోతే కేకపెట్టింది.

"కాకి చూసినట్టు చూస్తున్నావేంటే" అంది మా అమ్మ. నేను గట్టిగా నవ్వాను. పాప కూడా నవ్వబోయి నొప్పితో ఆగిపోయింది. దిండు సరిగ్గా పెట్టుకోలేదు, మెడ పట్టేసింది అని ముగ్గురం తేల్చేశాం. అమ్మ ఆ దిండు తీసుకెళ్ళి డాబా మీద ఎండలో పడేసింది. మెడ పట్టిన దిండు ఎండితే పట్టు పోతుందని అందరూ చేసేదే.

నా భార్య మాత్రం నవ్వలేదు. ఆపరేషన్ చేసినవాళ్ళకి ఒకసారి ఫోన్ చేద్దామండీ అంది. అప్పుడు నేను అన్న మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

"టాన్సిల్స్ ఉన్నది గొంతులో. పట్టేసింది మెడ వెనకాల. దానికీ దీనికీ ఏంటే సంబంధం?"

ఆ మాట అన్నప్పుడు నాకు చాలా తెలివిగా అనిపించింది. ఆవిడ దగ్గర దానికి జవాబు లేదు. జవాబు లేకపోవడాన్ని నేను ఒప్పుకోవడం కింద తీసుకున్నాను.

మర్నాడు షాపులో ఉండగా నర్సింగ్ హోమ్ నుంచి సిస్టరమ్మ ఫోన్ చేసింది. పెళ్ళిళ్ళ సీజను. కౌంటరు ముందు ఆరుగురు చీరలు పరిపించుకుని కూర్చున్నారు. పాప తింటోందా, జ్వరం ఉందా, రక్తం ఏమైనా పడిందా అని అడిగింది. అంతా బాగుందండీ అన్నాను. ఇంకేమైనా ఇబ్బంది ఉందా అని కూడా అడిగింది. ఏం లేదండీ, థ్యాంక్సండీ అని పెట్టేశాను. మెడ సంగతి నాకు గుర్తు లేక కాదు. ఆ పూటే మొదటిసారి కాలు రాసి వచ్చాను. ఇంకో రెండు రోజుల్లో నేను తగ్గించేదానికి వాళ్ళతో చెప్పడం ఎందుకనుకున్నాను.

పాపని హాల్లో చాప మీద బోర్లా పడుకోబెట్టాం. తల ఒక పక్కకే తిరిగి ఉండడంతో రెండో చెంప చాపకి ఆనేలా అమ్మ సర్దింది. మొదటిరోజు మడమతో ఊరికే రాశాను. రెండో రోజు కొంచెం నొక్కాను. ఎందుకు నొక్కానంటే, మొదటిరోజుకి ఏమీ తగ్గలేదు. షాపులో ఎవరెవరికో తగ్గించినవాణ్ణి, సొంత కూతురికి తగ్గకపోవడం ఏమిటని నాకు లోపల పట్టుదలగా ఉంది. నొక్కినప్పుడు మడమ కింద టక్కుమంది. పాప ఒక్క కేక పెట్టి ఆపేసింది. మాట్లాడకూడదన్న నియమం కదా, చెప్పినమాట వినే పిల్ల. చాప అంచు గుప్పెట్లో పట్టుకుంది.

"పట్టు వదిలింది" అన్నాను నేను. నియమం నేనే తప్పాను.

వంటింటి గుమ్మంలో నిలబడి నా భార్య చూసింది. మూడోరోజు వద్దండీ అని అడ్డం వచ్చింది. మధ్యలో ఆపకూడదని అమ్మ అంది. నేను ఆపలేదు.

ఆ తర్వాత పాప ఏడవడం తగ్గించింది. దాన్నే మేం నయమనుకున్నాం. ఏ పక్కకి ఎలా కూర్చుంటే నొప్పి తక్కువో ఆ పిల్ల కనిపెట్టుకుంది, అంతే. టీవీ చూడాలంటే సోఫాలో అడ్డంగా కూర్చునేది. అన్నం నేలమీద కాకుండా టేబుల్ అంచున, కంచం ఎడమ పక్కకి జరుపుకుని తినేది. పదో రోజుకి డాక్టరు గారికి చూపించాలి. ముహూర్తాలు అయిపోనీ అన్నాను. నా భార్య ఆటోలో తనే తీసుకెళ్తానంది. నేను వస్తాలే, ఆగు అన్నాను. ఈ మాట మూడుసార్లు అన్నాను. చివరికి ఆపరేషన్ అయిన ఇరవై ఒకటో రోజున వెళ్ళాం. అప్పటికి మెడ ఒరిగి పదహారు రోజులు.

పాప లోపలికి నడిచి రావడం చూసి గొంతు డాక్టరు గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. పెద్దాయన, మెత్తని మనిషి. పాపని దగ్గరికి పిలిచి, తల కదపకుండా వేళ్ళతో మెడ వెనక తడిమి, చేతులు పిడికిలి పట్టమని, కాళ్ళు నేలకి తన్నమని చెప్పి చూశారు. తర్వాత నన్ను అడిగారు.

"ఎన్ని రోజులైందండీ ఇలా?"

"నాలుగు రోజులండీ."

"నాలుగే కదా?"

"నాలుగేనండీ."

"ఎవరైనా మెడ విరవడం, నొక్కడం, మాలిష్ లాంటివి చేశారా?"

"లేదండీ."

ముందుగా అనుకుని చెప్పిన అబద్ధం కాదు. ఆయన లేచిన తీరు చూసి, పదహారు అన్న అంకె నా నోట్లోంచి రాలేదు. నా భార్య నా పక్కనే ఉంది. ఆవిడ నావైపు చూసిందని తెలుస్తోంది. నేను చూడలేదు. నలుగురి ముందు మొగుడి మాట కాదనడం ఆవిడ పెరిగిన ఇంట్లో లేదు, మా ఇంట్లోనూ లేదు. ఆ అలవాటు మీద ఆనుకునే నేను ఆ అబద్ధం ఆడగలిగాను. పాప స్టూలు మీద కూర్చుని ఉంది. తల తిప్పలేకపోతోంది కాబట్టి కళ్ళు మాత్రం నావైపు తిప్పింది.

డాక్టరు గారు విడమరిచి చెప్పారు. గొంతులోపల ఆపరేషన్ జరిగిన చోట వాపు ఒక్కోసారి వెనక్కి పాకుతుందట. గొంతు వెనక గోడకి ఆనుకునే మెడలోని మొదటి రెండు ఎముకలు ఉంటాయట. వాటిని పట్టి ఉంచే కట్లు ఆ వాపుకి వదులైపోతే పై ఎముక కింది ఎముక మీద పక్కకి తిరిగి ఇరుక్కుంటుందట. చాలా అరుదు, పిల్లల్లోనే ఎక్కువ చూస్తాం అన్నారు. గొంతుకీ మెడకీ సంబంధం ఏమిటని నేను వేసిన ప్రశ్నకి జవాబు అదే. మగ్గం మీద పడుగు దారాలు వదులైతే నేత ఎలా పక్కకి లాగేస్తుందో పెడనలో పుట్టిన నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. నాకు వెంటనే అర్థమైంది. అర్థమయ్యాక కూడా నేను నోరు తెరవలేదు.

నాలుగు రోజులే కాబట్టి ఫరవాలేదన్నారు ఆయన. మొదట్లో ఉన్నప్పుడు మందులతో, మెత్తటి కాలర్‌తో, విశ్రాంతితో చాలామందికి సర్దుకుంటుందట. ఎక్స్‌రే తీయించి, మందులు రాసి, కాలర్ పెట్టించి, వారం చూద్దాం, తగ్గకపోతే వెన్నెముక డాక్టరు దగ్గరికి పంపుతాను అన్నారు. ఆ వారం నా అబద్ధం తినేసిన వారం. నిజం చెప్పి ఉంటే ఆ సాయంత్రమే పంపేవారు.

ఆటోలో ఇంటికి వస్తుంటే బెంజ్ సర్కిల్ దగ్గర సిగ్నల్ పడింది. అక్కడ ఆటో ఆగినప్పుడు, "పదహారండీ" అంది నా భార్య. అంతే. నేను డ్రైవర్ వైపు చూశాను. వాడు వింటున్నాడేమోనని.

ఆ వారం నేను రోజూ పొద్దున కాలర్ తీసి చూసేవాణ్ణి. తగ్గుతోందని నాకు నేను చెప్పుకునేవాణ్ణి. దేవుడికి మొక్కాను కూడా. నేను నోరు తెరిచే అవసరం రాకుండానే తగ్గించమని మొక్కాను. ఇప్పుడు రాస్తుంటే సిగ్గేస్తోంది, కానీ నా మొక్కు అదే.

తగ్గలేదు. వారం గడిచాక పెద్ద ఆసుపత్రిలో వెన్నెముక డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఈయన కుర్రవాడు, మాట కరుకు. గొంతు డాక్టరు గారు రాసిచ్చిన కాగితం చదివి, పాప మెడ చూసి, మళ్ళీ కాగితం చదివాడు.

"మొత్తం పదకొండు రోజులా ఇది?" అన్నాడు. కండరాలు ఇంతగా బిగుసుకుపోవడం పదకొండు రోజుల పనిలా లేదన్నాడు. దెబ్బ తగిలిందా, పడిందా, ఎవరైనా మెడ పట్టుకున్నారా అని నన్నే చూస్తూ అడిగాడు. నేను గొంతు సవరించుకుంటున్నాను.

"నేను నిద్రలో అటు తిరిగి పడుకున్నానండీ" అంది పాప. "ఎవరూ ఏం చెయ్యలేదు."

ఎనిమిదేళ్ళ పిల్ల. గొంతు ఇంకా పూర్తిగా రాలేదు, బొంగురుగా ఉంది. నన్ను చూడకుండా, నేరుగా డాక్టర్ని చూస్తూ చెప్పింది. అంతకుముందు వారం నేను ఏం చెప్పానో విని, దాన్ని అలాగే మోసుకొచ్చి అక్కడ పెట్టింది. నాన్న ఇబ్బందిలో ఉన్నాడు, కాపాడాలి అనుకుంది. తన మెడ అలా ఉండగా.

నేను అప్పుడే, అక్కడే చెప్పాల్సింది. చెప్పలేదు. పాపని స్కాన్‌కి తీసుకెళ్ళారు, నా భార్య తోడు వెళ్ళింది. తలుపు పడ్డాక, ఆ గదిలో డాక్టరూ నేనూ మిగిలాక, అప్పుడు చెప్పాను. ఎన్ని రోజులో చెప్పాను. చాప, మడమ, టక్కుమన్న చప్పుడు చెప్పాను. సిస్టరమ్మ ఫోన్ సంగతి కూడా చెప్పాను.

ఆయన అరవలేదు. పెన్ను తీసి కాగితం మీద ఏదో కొట్టేసి, ఏదో రాశాడు.

"ఎందుకు నాలుగన్నారు?"

"సిగ్గేసిందండీ."

"ఇంకొంచెం బరువు పడి ఉంటే పిల్లకి కాళ్ళూ చేతులూ పడిపోయేవి. తెలుసా?"

తెలీదన్నాను. మీరు తొక్కినందువల్ల ఎంత చెడిందో నేను చెప్పలేను, కానీ ఆలస్యం వల్ల చెడిందని మాత్రం చెప్పగలను అన్నాడాయన. మొదటి రెండు మూడు రోజుల్లో తెచ్చి ఉంటే కాలర్‌తోనే పోయేదని, ఇప్పుడు అలా పోయే స్థితి దాటిపోయిందని చెప్పాడు.

పాపని ఆసుపత్రిలోనే ఉంచారు. గడ్డం కింద పట్టీ కట్టి, మంచం తలవైపు కప్పీ మీదుగా తాడుకి బరువు వేలాడదీశారు. మూడు వారాలు పైకప్పు తప్ప ఏమీ చూడకుండా పడుకుంది. నా భార్య ఒక చేతి అద్దం తెచ్చి పట్టుకునేది, కిటికీలోంచి రోడ్డు మీద పోయే బస్సులు పాపకి అందులో కనపడేలా. నేను షాపు మూసేసి వచ్చి కూర్చునేవాణ్ణి. మొదటిసారి సీజన్లో షాపు మూశాను. చేయాల్సినప్పుడు చేయని పని చేయక్కర్లేనప్పుడు చేశాను.

తల నిటారుగా వచ్చింది. అమ్మ ఆసుపత్రికి లడ్డూలు పంపింది. గట్టి కాలర్‌తో ఇంటికి పంపించారు. రెండు నెలల తర్వాత కాలర్ తీసిన పది రోజులకి, స్కూల్ యూనిఫాంలో టిఫిన్ తింటూ ఉండగా, పాప తల మెల్లగా కుడి భుజం మీదికి ఒరగడం నేను నా కళ్ళతో చూశాను. "నాన్నా, మళ్ళీ వస్తోంది" అంది. ఇడ్లీ ముక్క చేతిలో అలాగే ఉంది.

ఆపరేషన్ తప్పలేదు. ఆ రెండు ఎముకల్నీ స్క్రూలతో కలిపేశారు. ఇక ఒరగదు. కానీ తల పక్కలకి తిరిగే తిప్పులో సగం దాకా ఆ రెండు ఎముకల మధ్యే ఉంటుందట. అది పోయింది. అది రాదు అని ముందే చెప్పి సంతకం పెట్టించుకున్నారు. సంతకం పెట్టింది నేనే.

అప్పటినుంచి పాపని వెనకనుంచి పిలిస్తే మనిషి మొత్తం తిరుగుతుంది. తెలియనివాళ్ళకి అది దర్జాలా కనపడుతుంది. స్కూల్లో కొన్నాళ్ళు "రోబో" అన్నారు. పాపే ఒకసారి ఇంట్లో రోబోలా నడిచి చూపించి మమ్మల్ని నవ్వించబోయింది. మా అమ్మ లేచి లోపలికి వెళ్ళిపోయింది. మా అమ్మ పోయేదాకా దాన్ని "టాన్సిల్స్ ఆపరేషన్ తేడా కొట్టడం" అనే చెప్పింది. చుట్టాలకి, వీధిలో వాళ్ళకి. నేను కాదనలేదు. షాపులో కూడా అదే మాట తిరిగింది. మా చుట్టాల్లో ఒకరు తమ పిల్లవాడి టాన్సిల్స్ ఆపరేషన్ ఆ గొంతు డాక్టరు గారి దగ్గర మానిపించుకున్నారని తెలిసింది. అప్పుడూ ఊరుకున్నాను. ఎవరి నడుమైనా పట్టేస్తే మాత్రం నా దగ్గరికి రావద్దని చెప్పేశాను. ఎందుకని అడిగితే మోకాలి నొప్పి అనేవాణ్ణి.

ఇదంతా జరిగి ఎనిమిదేళ్ళు. మొన్న పాప ఇంటర్‌లో చేరింది. కాలేజీ కానూరు దాటాక ఉంది. స్కూటీ నేర్చుకుంటానంది. నా భార్య భయపడింది. వెన్నెముక డాక్టర్ని అడిగితే, రెండు పక్కలా పెద్ద అద్దాలు పెట్టించండి, హెల్మెట్ పెట్టుకోమనండి, మలుపుల్లో తొందరపడొద్దనండి, నేర్చుకోవచ్చు అన్నాడు. పెనమలూరు వైపు ప్లాట్లు వేసి వదిలేసిన ఖాళీ లేఅవుట్ ఒకటుంది. ఆదివారం పొద్దున్నే అక్కడికి తీసుకెళ్ళాను. రాళ్ళు పాతిన ప్లాట్ల మధ్య సిమెంటు రోడ్లు, మనుషులు లేరు, గేదెలు మేస్తున్నాయి.

బాగానే నడిపింది. నేను వెనక పరిగెత్తుతున్నాను. మలుపు దగ్గరికి వచ్చేసరికి ఎవరికైనా చెప్పినట్టు నా నోట్లోంచి వచ్చేసింది.

"వెనక్కి ఒకసారి చూసి తిప్పమ్మా."

పాప బండి ఆపేసింది. కాళ్ళు రెండూ నేలమీద ఆనించింది. నేను దగ్గరికి వెళ్ళి, అద్దంలో చూడమనబోయాను తల్లీ అని ఏదో అన్నాను. నా మాట వినట్లేదు. హ్యాండిల్ మీద చేతులు అలాగే పెట్టుకుని ముందుకే చూస్తూ అంది:

"నేను ఆ రోజు చెప్పేసి ఉండాల్సింది నాన్నా."

ఏ రోజు అని అడిగాను. నాకు తెలుసు. తెలిసే అడిగాను.

"ఆ కుర్ర డాక్టర్ అడిగినప్పుడు. ఎవరూ ఏం చెయ్యలేదన్నాను కదా. నిజం చెప్తే ఆయన వేరే ఏదో చేసేవాడేమో. చిన్నప్పుడు నాకు తెలీలేదు. తర్వాత నెట్‌లో చదివాను, ఎన్ని రోజులన్నది ముఖ్యమంట. నేను అబద్ధం చెప్పడం వల్లే ఇలా అయింది. నీకు చెప్తే బాధపడతావని చెప్పలేదు."

నేను ఆ ప్లాటు రాయి మీద కూర్చుండిపోయాను. ఎనిమిదేళ్ళు. మంచం మీద పైకప్పు చూస్తూ పడుకున్నప్పుడు, రోబో అనిపించుకున్నప్పుడు, ఆ పిల్ల మనసులో ఉన్నది ఇది. తను చెప్పిన ఒక్క ముక్క వల్ల తన మెడ పోయిందని. నేను ఆ అబద్ధాన్ని అదే గంటలో సరిదిద్దాను. కానీ తను లేనప్పుడు సరిదిద్దాను. కూతురి ముందు తలవంచాల్సి వస్తుందని, గది ఖాళీ అయ్యేదాకా ఆగి చెప్పుకుని, నా బరువు దించుకుని బయటికి వచ్చాను. తన బరువు తన మీదే ఉందని నాకు తోచనే లేదు.

చెప్పాను. నువ్వు స్కాన్‌కి వెళ్ళగానే డాక్టరుకి అంతా చెప్పేశాను, నీ మాట వల్ల ఒక్క గంట కూడా పోలేదు అన్నాను. పోయిన రోజులు నావి. పదహారు రోజులు ఇంట్లో పెట్టింది నేను, నాలుగని చెప్పి ఇంకో వారం పోగొట్టింది నేను.

పాప హ్యాండిల్ మీది అద్దాన్ని ఒకసారి అటూ ఇటూ తిప్పింది.

"ముందే వెళ్ళుంటే నా మెడ తిరిగేదా?"

చెప్పలేం తల్లీ, డాక్టర్లకే తెలీదు అని అనొచ్చు. నాలుక మీదికి వచ్చింది కూడా.

"తిరిగేదమ్మా" అన్నాను. "కాలర్‌తో పోయేదని ఆయన నాతో అన్నాడు."

"అమ్మకి తెలుసా?"

"తెలుసు. నీకు నేను చెప్పాననుకుంటోంది."

పాప ఏడ్చింది. చప్పుడు లేకుండా, హెల్మెట్ తీయకుండానే. నేను భుజం మీద చెయ్యి వేయబోతే, వద్దు నాన్నా అంది. తర్వాత బండి దిగి, నువ్వు నడుపు అంది. వెనక కూర్చుని నన్ను పట్టుకోకుండా వెనక కమ్మీ పట్టుకుంది.

వారం రోజులు నాతో పనికి కావాల్సిన మాటలే మాట్లాడింది. అన్నం పెట్టమంటావా, ఫోన్ వచ్చింది, పాలవాడు వచ్చాడు. నా భార్య విషయం తెలుసుకుని, కూతురితో చెప్పేశారనుకున్నానండీ ఇన్నాళ్ళూ అంది నాతో. అంతకంటే ఏమీ అనలేదు. ఆవిడ అనకపోవడం నాకు ఎప్పుడూ వరమే అయింది. ఈసారి అంటే బావుండుననిపించింది.

నిన్న సాయంత్రం షాపునుంచి పెందలాడే వచ్చాను. పాప టేబుల్ దగ్గర పుస్తకాలు ముందేసుకుని ఉంది. నేను పక్కన కుర్చీలో కూర్చున్నాను. కాసేపటికి పెన్ను మూసింది.

"ఇంకేమైనా ఉందా నాన్నా, నాకు తెలీనిది?"

ఉంది అన్నాను. గొంతు డాక్టరు గారి మీద పడనిచ్చిన మాట ఉంది. సిస్టరమ్మ ఫోన్ ఉంది. ఇంకా ఉన్నాయి.

పాప లేచి, తను కూర్చున్న కుర్చీని మొత్తం నావైపు తిప్పుకుని, ఎదురుగా కూర్చుంది. చెప్పు అంది.